కోటిలింగాల రేవులో శుక్రుడు

నేను ఒక జత కళ్ళని. నాకంటూ ముఖం లేదు. ఎవరి ముఖానికి ఆనించుకుంటే కాసేపు ఆ ముఖమే నాది. రాజమండ్రి మెయిన్ రోడ్డులో నన్ను అమ్మిన మస్తాన్ గారు బైనాక్యులర్ అనేవారు. ఇప్పుడు నేనున్న ఇంట్లో పేర్రాజు సిద్ధాంతిగారు దుర్భిణి అంటారు. ఆయన భార్య మాణిక్యాంబగారు మాత్రం "ఆ కళ్ళు ఇలా పట్రండి" అంటారు. నాకు ఆ పేరే ఇష్టం.

మనుషుల సంగతి అద్దానికి బాగా తెలుసని చాలామంది అనుకుంటారు. ఏమీ తెలియదు. అద్దం ముందుకు వచ్చేటప్పటికే మనిషి పెదవులూ జుట్టూ సర్దుకుని సిద్ధంగా ఉంటాడు. నా వెనక ఎవరూ ఏమీ సర్దుకోరు. నోరు తెరుచుకుని, ముక్కు ఎగబీలుస్తూ, తమని ఎవరూ చూడటం లేదన్న ధీమాతో లోకాన్ని చూస్తారు. అప్పుడు వాళ్ళను అంత దగ్గరగా చూసేది నేనొక్కణ్ణే.

నేను పుట్టింది రష్యాలో, ఏడాదిలో సగం మంచు కప్పుకుని పడుకునే ఒక ఊళ్ళో. అక్కడి కర్మాగారంలో ఒక లావుపాటి ఆవిడ కిటికీ పక్కన కూర్చుని నా రెండు గొట్టాలనూ సరిచేసింది. ఒక కన్ను ఒక చోటా ఇంకో కన్ను ఇంకో చోటా చూస్తే నాలాంటివాడి బతుకు దండగ. దూరాన ఉన్న పొగగొట్టం నాలోంచి చూస్తే మొదట రెండుగా కనబడింది. ఆవిడ సన్నటి మరలు తిప్పుతూ, నాకు అర్థం కాని భాషలో తిట్టుకుంటూ, ఆ రెండూ ఒకటయ్యేదాకా వదల్లేదు. ఒకటయ్యాక నన్ను బల్ల మీద పెట్టి రొట్టె తినడానికి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు. ఇన్నేళ్ళుగా నాకు మెల్లకన్ను రాలేదంటే ఆ తిట్ల పుణ్యమే.

నా ఒంటి మీద 7x50 అని చెక్కారు. ఏడు రెట్లు దగ్గరగా చూపిస్తాననీ, నా ముందరి గాజు యాభై మిల్లీమీటర్ల వెడల్పనీ దానర్థం. మా జాతిలో ఏడు రెట్లంటే గొప్పేం కాదు. కాని గాజు వెడల్పైనది కాబట్టి వెలుతురు బాగా తాగుతాను. మసక చీకట్లో ఇతరులు చేతులెత్తేసే వేళకి నాకు హుషారు వస్తుంది.

ఓడెక్కి విశాఖపట్నం వచ్చాను. ఓడలోని వంటవాడు రేవులో నన్నిచ్చి ఓ జత తోలు చెప్పులూ సంచీడు తేయాకూ పుచ్చుకున్నాడు. నన్ను తీసుకున్న కాంట్రాక్టరు, అమలాపురం దగ్గర కొబ్బరితోటలున్న రాజుగారికి కానుకగా ఇచ్చాడు. రాజుగారు నన్ను మెడలో వేసుకుని అరుగు మీద పడక్కుర్చీలో కూర్చునేవారు. తోటలో ఏ చెట్టు కింద ఎవరు వంగారో, ఎవరి గోనెసంచి ఎంత ఉబ్బిందో చూడటమే మా ఇద్దరి ఉద్యోగం. ఒకసారి సొంత తమ్ముణ్ణే దొంగనుకుని ఊరంతా వినబడేలా కేకలు పెట్టించారు. తీరా చూస్తే తమ్ముడు నిజంగానే కాయలు దింపించుకుపోతున్నాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో నాకు గౌరవం పెరిగి, ఆ తమ్ముడికి తగ్గింది. అన్నేళ్ళలో నేను పైకి చూసిన ఎత్తెంతంటే, కొబ్బరిచెట్టు మొవ్వు దాకా. అంతకు పైన ఇంకేదో ఉందని రాజుగారికీ తోచలేదు, నాకూ తోచలేదు.

తర్వాత తోటకి సీసీ కెమెరాలు వచ్చాయి. నన్ను మస్తాన్ గారి కొట్టుకి చేర్చారు. పాత కెమెరాలు బాగుచేసి, పాతవి కొని అమ్మే కొట్టు అది. గాజు బీరువాలో కింది అరలో, పాడైపోయిన ఫ్లాష్ లైట్ల మధ్య కూర్చుని మెయిన్ రోడ్డున పోయే వాళ్ళ మోకాళ్ళు చూస్తూ కాలం గడిపాను.

ఇంతలో రాజమండ్రిలోనే మరో చోట ఓ విమానం నా తలరాత మార్చింది. ఆ కథ నాకు మాణిక్యాంబగారు తన అక్కగారికి ఫోనులో చెబుతుండగా తెలిసింది. ఎన్నిసార్లు చెప్పారో! చెప్పిన ప్రతిసారీ మధ్యలో నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకునేవారు.

పేర్రాజు సిద్ధాంతిగారు పంచాంగకర్త. ఏ గ్రహం ఎప్పుడు ఏ రాశిలో ఉంటుందో కాగితం మీద లెక్కకట్టి చెప్పగలరు. ముందు గదిలో జాతకాలు చూస్తారు. "మీకు గురుబలం తక్కువగా ఉంది," "శని పట్టుకున్నాడండి, అంత సులువుగా వదలడు" లాంటి మాటలు ఆ గదిలోంచి వంటింట్లోకి ఏళ్ళ తరబడి వినబడుతూనే ఉన్నాయి. ఒకరోజు సాయంత్రం మాణిక్యాంబగారు ఎండిన వడియాలు తీసుకురావడానికి డాబా ఎక్కారు. వెనకే ఆయనా చల్లగాలికి వచ్చారు. అప్పుడే చుక్కలు పొడుస్తున్నాయి.

"ఏవండీ, ఎన్నాళ్ళనించో అడుగుదామనుకుంటున్నాను. వీటిల్లో గురుడు ఏదండీ?" అని అడిగారావిడ.

పేర్రాజుగారు ఉత్తరీయం సర్దుకుని, చెయ్యి చాచి, ఏమాత్రం తడుముకోకుండా చూపించారు. "అదిగో, ఆ ధగధగా మెరిసేది. చూడు, ఎంత ప్రసన్నంగా ఉన్నాడో!"

మాణిక్యాంబగారు వడియాల పళ్ళెం కింద పెట్టి రెండు చేతులూ జోడించారు. కళ్ళు తెరిచేసరికి గురుడు కాస్త జరిగాడు. ఇంకాస్త జరిగాడు. ఎర్రగా ఒకసారీ పచ్చగా ఒకసారీ మినుకుమన్నాడు. ఆనక పెద్ద రొదతో వాళ్ళ డాబా మీదుగా, చక్రాలు దింపుకుని, మధురపూడి విమానాశ్రయం వైపు వెళ్ళిపోయాడు.

ఆవిడ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఆ రాత్రి చారు వడ్డిస్తూ ఒక్కసారి ఫక్కున నవ్వారు. మర్నాడు తులసికోట దగ్గర నవ్వారు. ముందు గదిలో ఆయన ఎవరికో "గురుడు మీ ఇంట్లోకి దిగుతున్నాడండి" అని చెబుతుంటే వంటింట్లో గరిట కింద పడింది. పేర్రాజుగారికి తల కొట్టేసినట్టయింది. కొన్నాళ్ళు భార్యతో ముక్తసరిగా మాట్లాడి, ఒక ఉదయం అన్నారు: "మాణిక్యం, బయల్దేరు. ఓ దుర్భిణి కొనుక్కొద్దాం. దాంతో చూపిస్తాను నీకు గురుణ్ణి, శుక్రుణ్ణి, అందర్నీ."

రాహుకాలం దాటనిచ్చి ఇద్దరూ కొట్టుకి వచ్చారు. మస్తాన్ గారు పై అరలోంచి కొత్త సరుకు దించారు. ఆకుపచ్చ మచ్చల తొడుగు, ముందర కెంపుల్లా ఎర్రటి గాజులు, పక్కన 30x60 అని బంగారు రంగు అంకెలు. నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. వచ్చినవాళ్ళందరూ ముందు దాన్నే అడిగేవారు.

"ముప్పై రెట్లండి సార్! ఇక్కణ్ణించి కొవ్వూరు గట్టు మీద చీమ నడుత్తుంటే కనబడుద్ది."

పేర్రాజుగారు దాన్ని కళ్ళకి పెట్టుకుని రోడ్డుకి అవతల ఉన్న బట్టల కొట్టు వైపు చూశారు. "అక్షరాలు గంతులేస్తున్నాయేవిటయ్యా?"

"కొత్త కదండి. అలవాటవ్వాలండి."

"దానికా, నాకా?"

మాణిక్యాంబగారు అందుకుని చూశారు. ముప్పై రెట్లు దగ్గరకి తెచ్చేది చేతి వణుకుని కూడా ముప్పై రెట్లు చేస్తుందని పాపం ఆ ఎర్రకళ్ళదానికి తెలియదు. పైగా దాన్ని సరిచేసినవాళ్ళు ఎవరూ తిట్టుకుంటూ కూర్చున్నట్టు లేదు. "బాబూ, ఎదురుగా ఉన్నది ఒక్క బట్టల కొట్టేగా? ఇందులో రెండున్నాయి" అన్నారావిడ. మస్తాన్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఆ కింద నల్లగా ఉన్నదేవిటి?"

"అదా అమ్మగారూ? పాతదండి. రష్యా సరుకు. ఏడు రెట్లే. బరువు కూడానండి, మీరు మొయ్యలేరు."

"బిందెలు మోసిన చేతులు బాబూ. ఇలా ఇవ్వు."

నన్ను దుమ్ము దులిపి చేతికిచ్చారు. ఆవిడ నన్ను వెంటనే కళ్ళకి పెట్టుకోలేదు. చెంబుకి కన్నం ఉందేమో చూసినట్టు చేతులు చాచి, వెలుతురు వైపు పట్టుకుని, నేను కంటికి ఆనే వైపు నుంచి చూశారు. నాలో రెండు వెలుతురు బొట్లు గుండ్రంగా, అంచు చెదరకుండా కనబడ్డాయి. ఎర్రకళ్ళదాన్నీ అలాగే పట్టి చూశారు. దాని బొట్లు చిన్నవి, పక్కలు చెక్కేసినట్టున్నాయి. తర్వాత మోచేతులు గాజు బీరువా మీద ఆనించి నాలోంచి బట్టల కొట్టుని చూశారు. ఒక్కటే కొట్టు. దాని బోర్డు మీద కూర్చున్న పిచ్చుక కూడా ఒక్కటే.

"ఇది నిలకడగా ఉందండీ" అన్నారు భర్తతో.

పేర్రాజుగారికి ముప్పై మీద మనసు లాగుతోంది. ఏడుకి దిగడం నామోషీగా ఉంది. కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టారు. "ముప్పై, అరవై. కలిపితే తొమ్మిది. కుజుడు. వేడి చేస్తాడు. ఏడు, యాభై. కలిపితే పన్నెండు, పన్నెండంటే మూడు. గురుడు!" ఆయన ముఖం విప్పారింది. "మాణిక్యం, నువ్వు చెప్పిందే తీసుకుందాం."

ఆవిడ మోచేతుల లెక్క మీదా ఆయన వేళ్ళ లెక్క మీదా నేను నెగ్గాను. మానవజాతిలో ఏకాభిప్రాయం ఇలాగే కుదురుతుందని తర్వాత చాలాసార్లు గమనించాను. పట్టీ తెగిందనీ, పెట్టెకి గొళ్ళెం లేదనీ ఆవిడ మెల్లిగా బేరమాడారు. ఏళ్ళ తరబడి పోని సరుకు కాబట్టి మస్తాన్ గారూ పెద్దగా బిగుసుకోలేదు.

ఆ సాయంత్రమే డాబా ఎక్కాం. మొదటి దర్శనం సిద్ధాంతిగారిదే. ఆయన నన్ను కళ్ళకి ఆనించుకుని తూర్పు వైపు తిరిగి, "ఆహా!" అన్నారు. "ఆఁ, కనబడుతోంది. స్పష్టంగా ఉంది. గురుడే!"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా ముందరి గాజులకి ఇంకా మూతలు తియ్యలేదు.

మాణిక్యాంబగారు కాసేపు చూసి, దగ్గరికొచ్చి, "మూతలు తీస్తే ఇంకా బాగుంటాడేమోనండీ" అన్నారు. ఈసారి నవ్వలేదు. విమానం గొడవ తర్వాత ఆవిడ కాస్త జాగ్రత్తగా ఉంటున్నారు.

మూతలు తీశాకే నాకు అసలు సంగతి తెలిసింది. ఇంత దగ్గరగా ఆయన కళ్ళను చూసినవాడు లేడు. రెండు కంటిపాపల మీదా మజ్జిగ చుక్క పడినట్టు తెల్లటి మసక. శుక్లాలు. వాటి వెనకనుంచి ఆయనకి కనబడేది వెలుతురు మరకలే. విమానాన్ని గురుడనుకున్నది అజ్ఞానం వల్ల కాదు. ఏది మెరిస్తే అదే ఆయనకి గురుడు. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. కళ్ళు కనబడని సిద్ధాంతి దగ్గరికి ముహూర్తాలకి ఎవరొస్తారన్న భయం.

ఇక రోజూ సాయంత్రం ఆయన తన లెక్క ప్రకారం "ఇవాళ గురుడు తూర్పున, ఇంత ఎత్తులో ఉండాలి" అని చెప్పేవారు. ఆవిడ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి వెతికేవారు. చెప్పిన చోటే ఉండేవాడు. ఆయన లెక్కలో తప్పు లేదు మరి! మొదటిసారి గురుడి పక్కన వరసగా సన్నటి చుక్కలు కనిపించినప్పుడు ఆవిడ గట్టిగా అరిచారు. "ఏవండీ! ఈయనకి పిల్లలున్నారు! నాలుగు చుక్కలు, కాదు, మూడు... ఇంకోటి వెనక్కి వెళ్ళినట్టుంది!"

"ఉపగ్రహాలు. పుస్తకాల్లో చదివాను."

"చదివితే ఇంట్లో చెప్పొద్దూ?" అన్నారావిడ. ఇంట్లో చుట్టాలొచ్చారని చెప్పకుండా దాచినట్టు నిష్ఠూరం ఆ గొంతులో.

ఆయన నన్ను తీసుకుని చూసి, "ఆఁ... ఉన్నారు" అని తిరిగిచ్చేశారు. ఆవిడ ఆయన వైపు ఓ క్షణం చూశారు.

ఇలా ఉండగా శుక్ర మూఢమి వచ్చింది. శుక్రుడు సూర్యుడికి బాగా దగ్గరగా చేరి, ఆ వెలుగులో కనబడకుండా పోయే రోజులవి. అప్పుడు పెళ్ళిళ్ళు చెయ్యరు. కల్యాణమండపాలకి తాళాలు పడతాయి. భజంత్రీలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారు. శుక్రుడు మళ్ళీ బయటపడి కనిపిస్తే మూఢమి పోయినట్టు.

కడియపులంకలో పూలమొక్కల నర్సరీ ఉన్న ఏడుకొండలుగారు ఒకరోజు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. ఆయన కూతురు లోవలక్ష్మి పెళ్ళికి పేర్రాజుగారే ముహూర్తం పెట్టారు. గురువారంతో మూఢమి అయిపోతుందనీ, ఆదివారం పెళ్ళనీ. పెళ్ళికొడుకుది ఓడలో ఉద్యోగం. ఆ వారం దాటితే మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళిపోతాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. అయితే మగపెళ్ళివారిది కొవ్వూరు. వాళ్ళ సిద్ధాంతి విస్సన్నగారి పంచాంగంలో శుక్రుడు బయటపడేది ఆ పై వారం.

"ఆయ్, మరదేనండి నా బాధ! ఆరి పంచాంగంలో ఉన్నోడు ఒక శుక్రుడు, మీ పంచాంగంలో ఉన్నోడు ఇంకో శుక్రుడూనా అండి? మూఢంలో తాళి కట్టేది లేదంటున్నాడండి ఆ పిల్లోడి మేనమామ. పిల్లేమో అన్నం మానేసి కూచుందండి."

"విస్సన్న లెక్క పాత లెక్క. నాది సరైనది" అన్నారు పేర్రాజుగారు.

"ఆయనా అదే మాటన్నాడండి."

వంటింటి గుమ్మంలోంచి మాణిక్యాంబగారు అన్నారు: "శుక్రుడు కనబడితేనేగా మూఢం పోయినట్టు? రేవులోకి వెళ్ళి చూస్తే పోలేదూ!"

ఇద్దరు మగవాళ్ళూ ఆవిడ వైపు అలా చూస్తూ ఉండిపోయారు. కనబడటం గురించి ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నవాళ్ళకి, చూడటం అనేది ఒక మార్గమని తట్టలేదు.

గురువారం దాటి శుక్రవారం సాయంత్రం కోటిలింగాల రేవుకి చేరాం. అక్కణ్ణించి పడమటి వైపు అంతా గోదావరే. ఆవలి ఒడ్డున కొవ్వూరు. విస్సన్నగారు పడవలో దిగారు, పెద్ద బొట్టు, పట్టు పంచె, చంకలో పంచాంగం. ఆయన వెంట పెళ్ళికొడుకు మేనమామ తాతారావు. ఏడుకొండలుగారు మెట్ల మీద నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నారు. లోవలక్ష్మి కూడా వచ్చేసింది. "నువ్వెందుకమ్మా?" అని తండ్రి అంటే, "నా పెళ్ళి కాదా?" అంది.

సూర్యుడు ఇంకా నీటి మీద ఉన్నాడు. విస్సన్నగారు నా వైపు చెయ్యి చాచబోయారు. మాణిక్యాంబగారు నా గాజుల మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. "సూర్యుడు పూర్తిగా దిగనివ్వండి. దీంతో ఆయన్ని చూస్తే కళ్ళు మాడిపోతాయని కొట్టువాడు మరీమరీ చెప్పాడు."

సూర్యుడు దిగాడు. గోదావరి రాగిరంగు నుంచి బూడిదరంగుకి తిరిగింది. మాణిక్యాంబగారు నన్ను భర్త చేతికిచ్చారు. ఆయనదే పంచాంగం, ఆయనదే మాట, ముందు చూడాల్సింది ఆయనే.

ఆయన నన్ను ఆనించుకున్నారు. కళ్ళ చుట్టూ చర్మం చల్లగా, తడిగా ఉంది. ఆయన గుండె చప్పుడు ముక్కు ఎముక మీదుగా నాకు తెలుస్తోంది. నేను చేయగలిగినదంతా చేశాను. ఉన్న కాస్త వెలుతురూ పోగేసి అందించాను. ఆ మజ్జిగ చుక్కల అవతల ఆయనకి నారింజరంగు మరక తప్ప ఇంకేమీ లేదు.

"ఉన్నాడాండీ?" ఏడుకొండలుగారు ఆత్రంగా అడిగారు.

"చెప్పండి మరి" అన్నారు విస్సన్నగారు.

ఉన్నాడు అంటే చాలు. ఆయనకి కనబడలేదని పట్టుకోగలవాడు ఆ ఒడ్డున లేడు. మొదటిరోజు మూతల మీదే గురుణ్ణి చూసిన మనిషికి అదెంత పని? ఆయన పెదవులు విచ్చుకున్నాయి కూడా. అంతలోనే మూసుకున్నాయి. నన్ను దించి మాణిక్యాంబగారి చేతిలో పెట్టారు.

"నాకు కనబడటం లేదు. నువ్వు చూడు."

ఆవిడ మెట్టు మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ళకి తన్నిపెట్టుకున్నారు. మా ఇద్దరికీ ఊపిరి ఒకటే అయింది. కొవ్వూరు ఒడ్డున ఎడమ చివరి నుంచి మొదలుపెట్టి, చీర అంచు కుట్టినట్టు నెమ్మదిగా కుడివైపుకి కదిలాం. తాటిచెట్లు. ఓ సెల్ టవరు. పొగమంచు లాంటి మసక. కాస్త పైకి జరిగి మళ్ళీ వెనక్కి. టవరుకి కొంచెం ఎడంగా, నారింజరంగు నీలంలో కలిసే చోట, ఒక తెల్లటి బియ్యపుగింజ.

"అదిగో" అన్నారావిడ. గొంతు పెద్దగా లేదు. "టవరుకి ఇవతల. కదలటం లేదు. మినుకుమినుకుమనటం లేదు."

విమానాలతో ఉన్న అనుభవం వల్ల ఆవిడ ఇంకాసేపు చూశారు. అది నిజంగానే కదల్లేదు.

తాతారావు అడ్డం వచ్చాడు. "ఆడవారు చూసింది లెక్కలోకి వత్తాదాండీ? సిద్ధాంతిగారికే కనపడలేదంటున్నారు కదండి?"

"సిద్ధాంతిగారి కళ్ళకి శుక్లాలు నాయనా" అన్నారు పేర్రాజుగారు. అందరికీ వినబడేలాగే అన్నారు. "శుక్లాలున్న కంటికి శుక్రుడేం కనబడతాడు? లెక్క నాది, చూపు ఆవిడది. ఈ ఇంట్లో పంచాంగం ఇక మీదట ఇద్దరిదీ. నమ్మితే నమ్మండి."

మాణిక్యాంబగారు నన్ను దించి ఆయన్ని చూశారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా గాజు మీద ఒక చుక్క పడింది కూడా. వెంటనే చెంగుతో తుడిచేశారు, నన్నే, కళ్ళను కాదు.

నన్ను విస్సన్నగారికి అందించారు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆయన మంచి చూపున్న మనిషి. కనబడలేదని ఒక్క మాట అంటే పెళ్ళి ఆగిపోతుంది, ఆయన పంచాంగం నిలబడుతుంది. ఆయన చాలాసేపు చూశారు. మొదట నిజంగానే దొరకలేదు. తర్వాత దొరికింది. దొరికిన క్షణాన ఆయన నోరు చిన్నపిల్లాడి నోరులా తెరుచుకుంది. పంచాంగం చంకలోంచి జారి మెట్ల మీద పడింది, తీసుకోలేదు.

"ఉన్నాడయ్యా" అన్నారు. "అచ్చం మా ఇంటి మీదే ఉన్నాడు. మా ఇంటి మీద ఉన్నవాణ్ణి మీ ఊరొచ్చి చూడాల్సొచ్చింది."

ఏడుకొండలుగారు అక్కడే మెట్టు మీద కూలబడిపోయి, "అమ్మయ్య" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. లోవలక్ష్మి మాత్రం నన్ను అడగలేదు. టవరుకి ఎడమ పక్కకి చూస్తూ, "నాన్నా, ఉత్తి కళ్ళకే కనబడుతోందిగా!" అంది. చీకటి కాస్త చిక్కబడింది. ఒకసారి ఎక్కడుందో తెలిశాక ఆ చుక్క ఎవరి కంటినీ తప్పించుకోలేకపోయింది. తాతారావు చూశాడు. పడవవాడు చూశాడు. దీపాలు వదలడానికి వచ్చిన ఆడవాళ్ళు చూశారు. నన్ను అందరూ మరిచిపోయారు. కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజమే గాని, నాలాంటివాడికి ఇంతకన్నా మంచి పని పడుతుందా?

ఆదివారం పెళ్ళి జరిగింది. ఏడుకొండలుగారు ఇంటికి రెండు బుట్టల నిండా చామంతులు పంపారు. ఆ తర్వాత మాణిక్యాంబగారు భర్తను ఆసుపత్రికి లాక్కెళ్ళారు. "ఆపరేషన్‌కి ముహూర్తం చూసుకోవద్దూ?" అని ఆయన గునిస్తే, "డాక్టరుగారు ఎప్పుడు ఖాళీగా ఉంటే అదే ముహూర్తం" అన్నారు.

కంటి కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజు ఆయన గుమ్మంలో నిలబడి ఆవిణ్ణి పైనుంచి కిందిదాకా చూశారు. "మాణిక్యం, నీకు ఇంత తెల్లజుట్టు ఎప్పుడొచ్చిందే?"

"మీరు శనిని చూస్తున్న రోజుల్లో వచ్చింది" అన్నారావిడ.

రెండో కన్ను కూడా బాగయ్యాక ఆయన నన్ను పట్టుకుని డాబా ఎక్కారు. ఆవిడ చెప్పిన చోట పిట్టగోడకి మోచేతులు ఆనించారు. గురుడు, ఆయన పక్కన వరసగా ఆ చుక్కలు. ఏళ్ళ తరబడి ఊరందరికీ గురుడి కోపతాపాలు చెప్పిన మనిషి, మొదటిసారి ఆయన్ని ఎదురుగా చూశారు. చాలాసేపటికి, "పాపం, ఎవరి జోలికీ పోయేవాడిలా లేడే" అన్నారు.

ఇప్పుడు ముందు గదిలో జాతకాలు చూడటం ఆగలేదు. కాని కొత్త పద్ధతి ఒకటొచ్చింది. ఎవరైనా ఏ గ్రహానికైనా బాగా బెదిరిపోయి వస్తే, ఆ గ్రహం ఆకాశంలో ఉన్న రోజైతే, ముందు డాబా మీదికి పంపిస్తారు. డాబా మాణిక్యాంబగారి ఇలాకా.

నిన్న సాయంత్రం మండపేట నుంచి ఓ హోటలు యజమాని వచ్చాడు. భారీ మనిషి, వేళ్ళ నిండా ఉంగరాలు. శని పట్టుకున్నాడనీ, హోటలు మూతపడేలా ఉందనీ మెట్లెక్కుతూనే గోడు మొదలుపెట్టాడు. మాణిక్యాంబగారు నన్ను ఆయన మెడలో వేసి, పిట్టగోడ దగ్గర నిలబెట్టి, ఎటు చూడాలో చూపించారు. ఉంగరాలు నాకు తగిలి గలగలమంటున్నాయి.

"మోచేతులు ఆనించండి. ఊపిరి వదలండి. ఆ, అదే. పసుపురంగు చుక్క."

ఆయన చూశాడు.

"ఇతనేనాండీ?"

"ఆఁ, శనే."

"ఇంత చిన్నోడా? మా హోటలు బేరం పోగొట్టింది ఈయనేనంటారా?"

"ఏమోనండి. ఎదురుగా కొత్త హోటలు పెట్టారన్నారుగా, ఓసారి వెళ్ళి అక్కడ ఇడ్లీ కూడా తిని చూడండి."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే చూస్తున్నాడు. ఉంగరాల చప్పుడు తగ్గింది. నా కంటిగూళ్ళకి ఆనిన బుగ్గలు మెత్తబడ్డాయి. కింద నుంచి పేర్రాజుగారు పిలిచారు. "ఏవండీ, జాతకచక్రం వేశాను! దిగుతారా?"

"వత్తన్నానండి" అన్నాడు.

అన్నాడే గాని, నన్ను కళ్ళ నుంచి తియ్యలేదు.